కుర్రాళ్లు నిజంగా ఎదిగే ఫుట్‌బాల్ గేమ్ ఏది? ఎఫ్ఎం, ఈఏ ఎఫ్‌సీ, పెస్: ఏది ఎవరికి

ఫుట్‌బాల్ గేమ్‌లో ఒక క్లబ్‌ని ఏళ్లతరబడి నడిపే కెరీర్ మోడ్‌లో ఐదో సీజన్‌కి వచ్చేసరికి బెంచీ మీద కూర్చున్న పంతొమ్మిదేళ్ల కుర్రాడికి కూడా 99కి 86 రేటింగ్ ఉంటే ఇంక ఆ సేవ్‌లో ఆడటానికి ఏం మిగిలింది చెప్పండి. ఎవర్ని కొన్నా స్టార్ అవుతాడు, ఎవర్ని దింపినా గెలుస్తాం, అకాడమీ నుంచి వచ్చిన ప్రతివాడూ రెండేళ్లలో ఫస్ట్ టీంలో ఉంటాడు. డిఫికల్టీ పెంచితే ఈ బోర్ పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. డిఫికల్టీ పెంచితే ఎదుటి టీం గట్టిగా ఆడుతుంది, అంతే. మీ కుర్రాళ్లు మాత్రం అదే స్పీడులో పైకి పోతూనే ఉంటారు.

అందుకని ఇక్కడ నేను గ్రాఫిక్స్ పోల్చడం లేదు, గేమ్‌ప్లే పోల్చడం లేదు, లైసెన్సుల గొడవ అసలే వద్దు. ఒక ప్లేయర్ పదహారేళ్ల నుంచి ముప్పై అయిదేళ్ల దాకా ఎలా ఎదుగుతాడు, ఎక్కడ ఆగిపోతాడు, ఎప్పుడు పడిపోతాడు అన్నది ఏ గేమ్ నమ్మేలా చూపిస్తుంది, దాన్ని బట్టి మీరు ఏది తీసుకోవాలి, అదొక్కటే చెప్తాను. బరిలో ఉన్నవి నాలుగు: ఫుట్‌బాల్ మేనేజర్, అంటే ఎఫ్ఎం, ఇందులో మ్యాచ్ మనం ఆడం, టీంని నడుపుతాం; మొన్నటిదాకా ఫిఫా అని పిలిచిన ఈఏ ఎఫ్‌సీలో కెరీర్ మోడ్; పాత పెస్‌లో (ప్రో ఎవల్యూషన్ సాకర్) కెరీర్ మోడ్ లాంటి మాస్టర్ లీగ్; ఇప్పుడు అందరి ఫోన్లలో ఉండే ఈఫుట్‌బాల్.

నేను చూసేది ఒక్కటే. ఆ గేమ్‌లో మంచి కుర్రాడు ఫెయిల్ అవుతాడా, అవడా?

అసలు ఫుట్‌బాల్‌లో ఏం జరుగుతుంది

మామిడి చెట్టుకి వచ్చిన పూతంతా కాయ అవదు, ఫుట్‌బాల్ అకాడమీలూ అంతే. ఫ్రెడ్డీ అడూ పద్నాలుగేళ్లకే డీసీ యునైటెడ్‌తో ప్రొఫెషనల్ కాంట్రాక్టు చేసుకుని 2004లో అమెరికా లీగ్ ఎంఎల్ఎస్‌లో ఆడేశాడు. కొత్త పెలే అన్నారు. ఆ రోజుల్లో మేనేజర్ గేమ్ ఆడేవాళ్లు సేవ్ మొదలుపెట్టగానే వెతికే పేర్లలో అతనిదొకటి. తర్వాత బెన్‌ఫికాకి వెళ్లాడు, అక్కణ్ణుంచి దేశాలు తిరుగుతూ క్లబ్బులు మారడమే సరిపోయింది. బోయాన్ 17 ఏళ్లకి బార్సిలోనా తరఫున లీగ్‌లో గోల్ కొట్టి మెస్సీ పేరు మీదున్న రికార్డు లాగేసుకున్నాడు, కానీ ఆ తర్వాతి కథలో అతనెక్కడ, మెస్సీ ఎక్కడ. ఇటు చూస్తే జేమీ వార్డీ 25 ఏళ్లు వచ్చేదాకా నాన్-లీగ్ (ఇంగ్లండ్ ప్రధాన లీగ్‌ల కింది స్థాయి) మైదానాల్లోనే ఉన్నాడు. 2012లో ఫ్లీట్‌వుడ్ నుంచి లెస్టర్‌కి వచ్చాడు, 2016లో ప్రీమియర్ లీగ్ టైటిల్ గెలిచాడు, 2019-20లో ముప్పై మూడేళ్ల వయసులో 23 గోల్స్‌తో లీగ్ టాప్ స్కోరర్‌కిచ్చే గోల్డెన్ బూట్ పట్టుకెళ్లాడు. ఓడెగార్డ్‌ది ఇంకో రకం: 2015లో పదహారేళ్లకి రియల్ మాడ్రిడ్, ఆ తర్వాత హీరెన్‌వీన్, వితెస్, రియల్ సొసైదాద్ అని లోన్ల మీద లోన్లు (అంటే కొంతకాలం వేరే క్లబ్‌కి అరువు), ఆర్సెనల్‌లో కుదురుకునేసరికి ఆరేళ్లు పట్టింది. వీళ్లందరికీ భిన్నంగా లామిన్ యమాల్ పదిహేనేళ్లకి బార్సిలోనా చొక్కా వేసుకుని, 2024 యూరో సెమీఫైనల్లో ఫ్రాన్స్ మీద పదహారేళ్ల వయసులో గోల్ కొట్టాడు.

ఈ ఐదు దారులూ ఒకే గేమ్‌లో సాధ్యపడాలి. యమాల్ లాంటివాడు రావాలి, కానీ ఏడాదికి నలుగురు రాకూడదు. వార్డీ ఉండాలి, కానీ ఫిల్టర్ పెట్టి వెతికితే దొరక్కూడదు. అడూలు మాత్రం బోలెడుమంది ఉండాలి, ఎందుకంటే అసలు లోకంలో ఎక్కువమంది వాళ్లే.

ఎఫ్ఎం: పైకప్పు ముందే వేసేశారు, కానీ నిచ్చెన ఇవ్వలేదు

ఎఫ్ఎం లోపల ప్రతి ప్లేయర్‌కీ కనపడని రెండు అంకెలుంటాయి. ఒకటి కరెంట్ ఎబిలిటీ, అంటే ఇప్పటి సత్తా, రెండోది పొటెన్షియల్ ఎబిలిటీ, అంటే ఎంతదాకా ఎదగగలడన్నది, రెండూ 200కి లెక్క. స్క్రీన్ మీద మనకి కనపడేది 1 నుంచి 20 దాకా ఉండే ఆట్రిబ్యూట్లు మాత్రమే. పేరున్న కుర్రాళ్లలో చాలామందికి డేటాబేస్‌లో పొటెన్షియల్‌ని కచ్చితమైన అంకెగా ఇవ్వరు, మైనస్ అంకె ఇస్తారు. -9 అంటే 150 నుంచి 180 మధ్య ఏదైనా పడొచ్చు, -10 అంటే 170 నుంచి 200. కొత్త సేవ్ మొదలుపెట్టిన ప్రతిసారీ ఆ రేంజ్‌లోంచి ఒక అంకె పడుతుంది. మీ ఫ్రెండ్ సేవ్‌లో బాలన్‌డోర్ (ఏడాది ఉత్తమ ఆటగాడి అవార్డు) కొట్టినవాడు మీ సేవ్‌లో ఫర్వాలేదనిపించే లీగ్ ప్లేయర్‌గా మిగిలిపోవడానికి మొదటి కారణం ఇదే.

ఒకసారి పడ్డాక ఆ అంకె మారదు. ఇక్కడే చాలామంది మూతి విరుస్తారు: నుదుటి రాతలా ముందే రాసిపెట్టేస్తే ఇదేం రియలిజం అని. నాకు మాత్రం ఈ అభ్యంతరం పైపైన చూసి చేసేదే అనిపిస్తుంది. రాసిపెట్టింది అతను ఎక్కడికి చేరతాడన్నది కాదు, ఎక్కడ దాటలేడన్నది. అక్కడిదాకా వెళ్లడం వేరే కథ, చాలామంది వెళ్లరు కూడా. వెళ్లాలంటే ప్రొఫెషనలిజం అనే దాచిపెట్టిన గుణం బాగుండాలి, డిటర్మినేషన్ ఉండాలి, ట్రైనింగ్ ఫెసిలిటీలు, కోచ్‌లు పనికొచ్చేవాళ్లై ఉండాలి, పద్దెనిమిదేళ్లు దాటాక అతని స్థాయికి తగ్గ మ్యాచ్‌లు పడాలి, ఇవన్నీ కుదిరిన ఏడాది మోకాలు పోకూడదు. ఒక్కటి తప్పినా స్పీడు తగ్గుతుంది.

దగ్గర్నుంచి చూస్తే ఇది ఎలా ఉంటుందో చెప్తాను. నా సేవ్‌లో ఏడాదికోసారి వచ్చే యూత్ ఇన్‌టేక్‌లో, అంటే అకాడమీలోకి వచ్చే కొత్త కుర్రాళ్ల బ్యాచ్‌లో, ఒక మిడ్‌ఫీల్డర్ వచ్చాడు. పదహారేళ్లు, పాసింగ్ 13, టెక్నిక్ 14, కోచ్ రిపోర్టులో పొటెన్షియల్ దగ్గర నాలుగున్నర స్టార్లు. కిందికి దిగి చూస్తే డిటర్మినేషన్ 5, పర్సనాలిటీ దగ్గర క్యాజువల్ అని ఉంది. అదే బ్యాచ్‌లో ఒక రైట్ బ్యాక్, రెండున్నర స్టార్లు, ఎవరూ పట్టించుకోని రకం, పర్సనాలిటీ మాత్రం ప్రొఫెషనల్. ఇరవై ఒకటో ఏట చూస్తే మిడ్‌ఫీల్డర్ పాసింగ్ 14 దగ్గర ఆగిపోయి ఉంది, ట్రైనింగ్ రేటింగ్ చూస్తే ఎర్రటి అంకెలు, రెండో డివిజన్‌కి లోన్ మీద పంపితే అక్కడా బెంచీనే. రైట్ బ్యాక్ అప్పటికే ఫస్ట్ టీంలో నిలదొక్కుకున్నాడు, యూరోప్ మ్యాచ్‌లు ఆడుతున్నాడు. మిడ్‌ఫీల్డర్ పైకప్పు రైట్ బ్యాక్ కంటే ఎంతో ఎత్తుండొచ్చు, కానీ వాడు దాన్ని ఎప్పటికీ తాకడు. ఇలాంటి కథ ఒకటి నడిచాక మళ్లీ కెరీర్ మోడ్‌కి వెళ్లాలంటే కొంచెం కష్టమే.

స్టార్ల గురించి ఒక మాట, ఎందుకంటే కొత్తవాళ్లు ఎక్కువ తికమకపడేది వీటి దగ్గరే. అవి మీ టీంతో పోల్చి ఇచ్చేవి, అదీ ఆ కోచ్ లేదా స్కౌట్ అంచనా ప్రకారం. మీరు మూడో డివిజన్‌లో ఉన్నప్పుడు నాలుగు స్టార్లున్న కుర్రాడు, ప్రమోషన్ వచ్చి మంచి ప్లేయర్లని కొన్నాక రెండు స్టార్లకి పడిపోతాడు. వాడేం తగ్గలేదు, చుట్టూ ఉన్నవాళ్లు పెరిగారు. పొటెన్షియల్ అంచనా వేయడంలో నైపుణ్యం తక్కువున్న కోచ్ చెప్పిన స్టార్లని చూసి కుర్రాణ్ణి అమ్మేయకండి.

ఇంకో విషయం నాకు భలే నచ్చుతుంది. ఒకే కరెంట్ ఎబిలిటీ ఉన్న ఇద్దరు ఒకే రకంగా ఆడరు. ఆట్రిబ్యూట్లకి పొజిషన్‌ని బట్టి ధర ఉంటుంది. స్ట్రైకర్‌కి స్పీడు ఖరీదైనది, రెండు కాళ్లతోనూ బాగా ఆడగలిగినవాడికి ఆ రెండో కాలు కూడా కోటాలోంచే పోతుంది, డిటర్మినేషన్ లాంటివాటికి మాత్రం ఏ ఖర్చూ లేదు. అంచేత 140 దగ్గర ఆగిపోయిన ప్లేయర్ కూడా, ఉన్న పాయింట్లు సరైన చోట పడితే, 155 ఉన్నవాడి కంటే మీ టీంకి ఎక్కువ పనికొస్తాడు. కోచ్ చేతిలో ఉన్న అసలు పని ఇదే, అంకెని పెంచడం కాదు.

2018 చివర్లో వచ్చిన ఎఫ్ఎం 19 నుంచి మెంటరింగ్ అని ఒకటి పెట్టారు. మంచి అలవాట్లున్న సీనియర్ల గుంపులో కుర్రాణ్ణి వేస్తే మెల్లగా వాళ్ల గుణం వీడికి అంటుతుంది. చెడ్డ సీనియర్ల మధ్య వేస్తే అదీ అంటుతుంది. కాబట్టి ముప్పై మూడేళ్ల డిఫెండర్‌ని కాళ్లు పోయాయని అమ్మేసేముందు అతని పర్సనాలిటీ ఒకసారి చూడండి. హెడ్ ఆఫ్ యూత్ డెవలప్‌మెంట్‌ని తీసుకునేటప్పుడు కూడా అంతే, కొత్తగా వచ్చే కుర్రాళ్ల స్వభావం మీద అతని ప్రభావం పడుతుంది.

లోపాలు లేవని కాదు. వార్డీ సమస్య ఎఫ్ఎం దగ్గర ఇప్పటికీ ఉంది. పొటెన్షియల్ అంకె ఇచ్చేది మనుషులే, ఊరూరా ఉన్న రీసెర్చర్లు. నాన్-లీగ్‌లో ఇరవై నాలుగేళ్లవాడికి ప్రపంచ స్థాయి అంకె ఎవరు వేస్తారు? అందుకే అసలు ప్లేయర్లలో లేటుగా వికసించేవాళ్లు నిజ జీవితంలో వికసించాకే గేమ్‌లోకి వస్తారు, అంతకుముందు కాదు. రెండోవైపూ అంతే: ఎఫ్ఎంకి పాత రూపమైన చాంపియన్‌షిప్ మేనేజర్ 01/02లో మిల్‌వాల్ కుర్రాడు చెర్నో సాంబాని కొంటే ప్రపంచాన్ని ఏలేవాడు, నిజంలో ఒక్క ప్రీమియర్ లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. గేమ్ తానే పుట్టించే కల్పిత కుర్రాళ్లు, అంటే న్యూజెన్లు, ఎక్కువమంది అయ్యాక, అంటే సేవ్‌లో ఎనిమిది పదేళ్లు గడిచాక, ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది, అప్పుడు ఎవరెంతో మీకూ తెలీదు, మీ ఫ్రెండ్స్‌కీ తెలీదు. ఇంకొకటి, కంప్యూటర్ నడిపే క్లబ్బులు కుర్రాళ్లకి మనం ఇచ్చినంత శ్రద్ధగా మ్యాచ్‌లు ఇవ్వవేమోనని నాకు తరచూ అనిపిస్తుంది. మనం పెంచినవాడు పైకి పోతాడు, పెద్ద క్లబ్ పన్నెండు మందిని పోగేసి రిజర్వుల్లో కుక్కుతుంది. ఆ మాటకొస్తే అసలు పెద్ద క్లబ్బులూ అదే చేస్తాయనుకోండి.

ఈఏ ఎఫ్‌సీ: పైకప్పే కదులుతుంది, అదే తంటా

ఇక్కడ లెక్క 99కి. ప్రతి ప్లేయర్‌కీ ఓవరాల్, పొటెన్షియల్ ఉంటాయి, పొటెన్షియల్ డైనమిక్. బాగా ఆడితే, ఎక్కువ మ్యాచ్‌లు పడితే పైకి జరుగుతుంది. బెంచీ మీద కుళ్లబెడితే కిందికి జరుగుతుంది. కాగితం మీద చూస్తే ఎఫ్ఎం కంటే ఇదే న్యాయంగా ఉంది కదా? వార్డీ లాంటి కథ ఇందులోనే రావాలి. కానీ ఆడి చూడండి, ఏం జరుగుతుందో.

ఎఫ్ఎంలో గోల్ కొట్టేది ప్లేయర్. ఇక్కడ కొట్టేది మీరు. 68 రేటింగ్ ఉన్న పదిహేడేళ్ల స్ట్రైకర్‌ని దింపి మీ బొటనవేళ్ల నైపుణ్యంతో సీజన్‌కి ముప్పై గోల్స్ కొట్టిస్తే, గేమ్ ఆ ఘనతంతా వాడి ఖాతాలో వేస్తుంది. ఫామ్ పెరిగింది, పొటెన్షియల్ పెరిగింది, దాంతో ఎదిగే స్పీడు పెరిగింది, ఇప్పుడు వాడితో గోల్స్ కొట్టడం ఇంకా తేలిక, మళ్లీ ఫామ్. ఈ చక్రం ఒకసారి తిరగడం మొదలైతే ఆగదు. అంటే కెరీర్ మోడ్‌లో పొటెన్షియల్ అనేది కుర్రాడి ప్రతిభకి కొలత కాదు, కంట్రోలర్ పట్టుకున్నవాడి చేతివాటానికి కొలత. డిఫికల్టీ మీకు సరిపోయేలా పెట్టుకోకపోతే ఈ లెక్క ఇంకా ఘోరం.

ఫిఫా 21లో డెవలప్‌మెంట్ ప్లాన్లు వచ్చాయి. ఐడియా మంచిదే, ఏ రకం ప్లేయర్‌గా మార్చాలో మీరే ఎంచుకుంటారు, పొజిషన్ కూడా మార్చొచ్చు. కానీ ఆ స్క్రీన్ చూశారా, ఎన్ని వారాల్లో తర్వాతి మెట్టు ఎక్కుతాడో అంకె వేసి మరీ చూపిస్తుంది. సెంటర్ బ్యాక్‌ని స్ట్రైకర్ చేయాలా, ఇన్ని వారాలు. వారాలు గడుస్తాయి, పని అయిపోతుంది. మనసు పెట్టలేదనో, ఇంటి మీద బెంగ పెట్టుకున్నాడనో, కొత్త కోచ్‌తో పడలేదనో ఆ ప్లాన్ ఆగదు. ఎఫ్‌సీ 24లో కోచ్‌లు, ట్రైనింగ్ ప్లాన్లు కలిపారు, దానివల్ల స్టాఫ్ మీద ఖర్చు పెట్టడానికి ఒక కారణం దొరికింది గానీ, మూలం అదే.

అకాడమీ మాత్రం సరదాగా ఉంటుంది, అది ఒప్పుకోవాలి. స్కౌట్‌ని ఏదో దేశం పంపితే నెలకోసారి లిస్టు వస్తుంది, పొటెన్షియల్‌ని రేంజ్‌గా చూపిస్తుంది, నెలలు గడిచేకొద్దీ ఆ రేంజ్ కుంచించుకుపోతుంది, ఈలోపు కుర్రాడు చేజారిపోతాడేమోనని టెన్షన్. ఫస్ట్ టీంలోకి తెచ్చాక 'హ్యాజ్ పొటెన్షియల్ టు బీ స్పెషల్' అన్న ముక్క కనపడితే వచ్చే ఆనందం వేరు. చిక్కేమిటంటే ఆ ముక్క కనపడిన తర్వాత వాడు స్పెషల్ కాకుండా పోవడం చాలా అరుదు. ఆడిస్తే చాలు, అవుతాడు.

రెండింటినీ పక్కపక్కన పెడితే తమాషాగా ఉంటుంది. మారని పైకప్పు ఉన్న గేమ్‌లో ఎవరు ఎక్కడికి చేరతారో చెప్పలేం. మారే పైకప్పు ఉన్న గేమ్‌లో దాదాపు అందరూ ఎక్కడికి చేరతారో ముందే చెప్పేయొచ్చు.

అయినా మ్యాచ్ మీ చేతుల్తోనే ఆడాలి, గంటలకొద్దీ టేబుళ్లు చూస్తూ కూర్చోవడం మీవల్ల కాదు అనుకుంటే ఈఏ ఎఫ్‌సీనే తీసుకోండి, కాకపోతే మీకు మీరే కొన్ని కట్టుబాట్లు పెట్టుకోవాలి. నేను బాగా పనిచేస్తాయని చెప్పగలిగినవి ఇవి. పొటెన్షియల్ అంకెలు రాసే వెబ్‌సైట్లు చూసి ఎవర్నీ కొనొద్దు, స్కౌట్ రిపోర్టు ఏం చెప్తే అదే. సీజన్‌కి అకాడమీ నుంచి ఒక్కడినే పైకి తేవాలి, ఇద్దరు బాగున్నా సరే. పద్దెనిమిది లోపు కుర్రాణ్ణి కప్ మ్యాచ్‌లకీ, గెలుపు ఖాయమైపోయాక చివరి ఇరవై నిమిషాలకీ తప్ప దింపొద్దు. ఇంగ్లండ్ స్ట్రైకర్ హ్యారీ కేన్ కూడా లేటన్ ఓరియెంట్, మిల్‌వాల్, నార్విచ్, లెస్టర్ అని నాలుగు చోట్ల లోన్ మీద తిరిగొచ్చాకే టోటెన్‌హామ్‌లో నిలబడ్డాడు. పొజిషన్ మార్పు పక్కపక్క స్థానాలకే పరిమితం, వింగ్ బ్యాక్ నుంచి వింగర్‌కి సరే, గోల్ ముందు నిలబడేవాణ్ణి గోల్ కొట్టేవాడిగా మార్చే సర్కస్ వద్దు. అన్నిటికంటే ముఖ్యం, సగం మ్యాచ్‌లైనా మీరు ఆడకుండా సిమ్యులేట్ చేయండి, అంటే ఫలితం గేమ్‌నే తేల్చనివ్వండి. అప్పుడే కుర్రాడి గోల్స్‌లో మీ బొటనవేళ్ల వాటా తగ్గి, వాడి అసలు సత్తా కొంచెం బయటికొస్తుంది. ఈ చివరిది చాలామందికి నచ్చదు, ఆడటానికే కదా కొన్నాం అంటారు, అదీ నిజమే.

పీసీలో ఆడేవాళ్లకి మాడ్లు, ఎడిటర్లు ఉన్నాయి, వాటితో ఎదుగుదల స్పీడు తగ్గించుకోవచ్చు. కన్సోల్ మీద ఆ దారి లేదు, మీ నిగ్రహమే దిక్కు.

పెస్ మాస్టర్ లీగ్, ఈఫుట్‌బాల్

మాస్టర్ లీగ్ గురించి మాట్లాడితే మొదట్లో ఇచ్చే కల్పిత ప్లేయర్లు కాస్టోలో, మినాండా పేర్లు గుర్తొచ్చి కళ్లు చెమర్చే తరం ఒకటుంది, నేనేం వాళ్లని తప్పు పట్టను. ఏ పేరూ లేని, ఊళ్లో జట్టులాంటి ఆ పదకొండు మందితో మొదలుపెట్టి, ఒక్కో ప్లేయర్‌నీ కొనుక్కుంటూ పైకి రావడంలో ఉన్న రుచి ఇప్పటి గేముల్లో తక్కువ. పొటెన్షియల్ అని ఏ అంకే చూపించేది కాదు, అది దాని పెద్ద బలం. ఎవరు ఎదుగుతున్నారో ఆడిస్తేనే తెలిసేది. కానీ రిటైరైన పెద్ద ప్లేయర్ అదే పేరుతో, అదే మొహంతో పదిహేడేళ్ల కుర్రాడిగా మళ్లీ పుట్టుకొస్తాడు చూడండి, అక్కడ రియలిజం అన్న మాట తీసి గట్టున పెట్టాల్సిందే. పదేళ్ల తర్వాత కూడా లీగ్‌లో గోల్స్ కొట్టేది మెస్సీ, రొనాల్డోలే. 2020లో వచ్చిన పెస్ 2021తో ఆ వరస ఆగింది. పాత డిస్క్ ఇంట్లో ఉంటే ఒక సేవ్ మొదలుపెట్టండి, దీనికోసం ప్రత్యేకంగా వెతుక్కుని కొనమని మాత్రం చెప్పను.

2021లో ఈఫుట్‌బాల్‌ని మాస్టర్ లీగ్ లేకుండానే వదిలారు. అందులో ఉన్నది కార్డులు. కార్డుకి లెవెల్ పెంచు, వచ్చిన పాయింట్లని షూటింగ్‌కో, పాసింగ్‌కో, డ్రిబ్లింగ్‌కో పంచు. ఇది ప్లేయర్ ఎదుగుదల కాదు, కార్డుకి రంగులు వేయడం. వయసు పెరగదు, పడిపోడు, ఫెయిల్ అవడు. రాత్రి పడుకునేముందు ఫ్రెండ్‌తో ఒక మ్యాచ్ ఆడుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, ఈ పోలికలో దానికి చోటు లేదు.

మరి మీకేది

సింగిల్ సేవ్‌ని ఆరునెలలు నడిపే ఓపిక ఉండి, కుర్రాళ్ల కథలే మీకు ముఖ్యమైతే ఎఫ్ఎం, రెండో ఆలోచన అక్కర్లేదు. దానికి గ్రాఫిక్స్ కార్డు పెద్దగా అక్కర్లేదు, ప్రాసెసర్, ర్యామ్ మీద భారం ఉంటుంది; లాప్‌టాప్ పాతదైతే లోడ్ చేసే లీగ్‌లు తగ్గించండి, రోజులు వేగంగా కదులుతాయి. కానీ మరీ రెండు లీగ్‌లే పెడితే ప్లేయర్ల సంఖ్య తగ్గి న్యూజెన్ల వైవిధ్యం కూడా తగ్గుతుంది, మధ్యేమార్గంగా పోండి. ఏ ఏడాది ఎడిషన్ అంటే, ఎఫ్ఎం 25ని 2025 ఫిబ్రవరిలో రద్దు చేశారు, కొత్త ఇంజిన్ మీద ఎఫ్ఎం 26 అదే ఏడాది నవంబర్‌లో వచ్చింది, వచ్చినప్పుడు దాని మెనూల మీద జనం బాగా విసుక్కున్నారు. ప్లేయర్ల ఎదుగుదల కోసమే అయితే ఎఫ్ఎం 24 ఏ రకంగానూ పాతబడలేదు, డిస్కౌంట్‌లో కనపడితే కళ్లు మూసుకుని తీసుకోండి.

ఫోన్ ఒక్కటే ఉందంటారా, ఎఫ్ఎం 24 నుంచి మొబైల్ వెర్షన్ నెట్‌ఫ్లిక్స్ ద్వారానే వస్తోంది, ఇంట్లో ఆ సబ్‌స్క్రిప్షన్ ఉంటే వేరే డబ్బు కట్టక్కర్లేదు. ఆట్రిబ్యూట్లు, స్టాఫ్, ట్రైనింగ్ అన్నీ కుదించి ఉంటాయి, అయినా కెరీర్ మోడ్ కంటే నమ్మేలా ఉంటుంది.

మనవాళ్లకి ఒక ప్రత్యేకమైన సరదా ఎఫ్ఎం 24లో ఉంది, ఇండియన్ లీగ్ ఆడొచ్చు. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన హైదరాబాద్ తీసుకుని అకాడమీ కుర్రాళ్లతోనే ఆడతానని మొదలుపెట్టండి, ప్రోగ్రెషన్ ఎంత నెమ్మదో, ఎంత కఠినమో అప్పుడు అర్థమవుతుంది. గేమ్‌లో ప్రతి దేశానికీ యూత్ రేటింగ్ ఉంటుంది, మన దేశానికి అది తక్కువ, దాంతో ఇన్‌టేక్‌లో ఏళ్ల తరబడి పనికొచ్చేవాడు ఒక్కడూ రాకపోవచ్చు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని నడిపిన రహీం సాబ్ శిక్షణలో 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ బంగారం గెలిచిన దేశం ఇది, ఆ రోజుల్లో ఈ గేమ్ ఉండుంటే మనకి ఏ అంకె వేసేవాళ్లో.

వారానికి మూడు నాలుగు గంటలే దొరికితే, గోల్ మీరే కొట్టాలనుకుంటే, ఈఏ ఎఫ్‌సీ, పైన చెప్పిన కట్టుబాట్లతో. అవి లేకుండా అయితే మూడో సీజన్‌కి సేవ్ డిలీట్ చేస్తారు. చాలామంది చేసేది అదే.

ఎఫ్ఎం తీసుకున్నవాళ్లు కూడా దాన్ని పాడుచేసుకునే దారులు చాలా ఉన్నాయి. వండర్‌కిడ్ (పెద్ద స్టార్ అవుతాడని ముందే పేరున్న కుర్రాడు) లిస్టులు చూసి మొదటి రోజే అందర్నీ కొనేస్తే ఇక ఈఏ ఎఫ్‌సీకి దీనికీ తేడా లేదు. సేవ్ మొదలుపెట్టేటప్పుడు ఆట్రిబ్యూట్ మాస్కింగ్ ఆన్‌లోనే ఉంచండి, తెలియని ప్లేయర్ల వివరాలు స్కౌట్ వెళ్లి చూసేదాకా తెలియకూడదు. ఇన్-గేమ్ ఎడిటర్ వాడకుండా ఆపే ఆప్షన్ అక్కడే ఉంటుంది, అది టిక్ చేయండి, లేకపోతే ఏదో ఒక రాత్రి పొటెన్షియల్ చూడాలని చెయ్యి దురద పెడుతుంది, ఒక్కసారి చూశాక ఆ కుర్రాడి మీద ఉన్న కుతూహలం అక్కడికక్కడే చచ్చిపోతుంది.

ఏ గేమ్ అయినా, ఏ ఏడాది కొత్త ఎడిషన్ అయినా, మీ నెలల సమయం దాని మీద పెట్టేముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఏదో ఒక క్లబ్ తీసుకుని, మీరేం చేయకుండా పది సీజన్లు ముందుకి తిప్పండి. ఎఫ్ఎంలో దీనికి హాలిడే మోడ్ ఉంది, కెరీర్ మోడ్‌లో క్యాలెండర్ సిమ్యులేట్ చేసుకుంటూ పోవాలి, కొంచెం విసుగే. అక్కడ ఆగి మూడు చూడండి. మొదటి రోజు వండర్‌కిడ్లు అనుకున్న ఇరవై మందిలో ఎంతమంది మామూలు ప్లేయర్లుగా మిగిలారు. ప్రపంచంలో టాప్ యాభై మందిలో ఇరవై ఒకటి లోపువాళ్లు ఎందరు. ఐదారుగురు ఉంటే సరే, ఇరవై మంది ఉంటే ఆ గేమ్‌లో కుర్రాళ్లు మరీ తొందరగా ఎదిగిపోతున్నట్టే. ముప్పై దాటినవాళ్ల స్పీడు ఎలా పడింది, గోల్‌కీపర్లకి వాళ్లకంటే ఇంకొన్నేళ్లు ఎక్కువ ఇచ్చిందా లేదా. మొదట చెప్పిన ఇరవై మంది వండర్‌కిడ్లలో కనీసం సగంమంది ఎటో కొట్టుకుపోయి ఉంటే ఆ గేమ్ కొనుక్కోండి.